స్వర్ణ టీచరు, దేశదేశాల దయ్యాలు

స్వర్ణ టీచరుకు దయ్యాలంటే భయం లేదు, గౌరవం అంతకన్నా లేదు. రామన్నపేటలో ఒక ప్రైవేటు బడిలో పదహారేళ్లు తెలుగు చెప్పిన మనిషి. ఒకసారి ఏడో తరగతి పిల్లలు వరండా చివరి గదిలో దయ్యముందని, అటువైపు పోమని మొండికేశారు. ఆమె ఆ గదిలోనే కుర్చీ వేయించుకుని నెల రోజులు పేపర్లు దిద్దింది. ఏమన్నా కనబడ్డదా టీచర్ అని పిల్లలు అడిగితే, "కనబడ్డది. సంధులు మీకన్న మంచిగ చెప్పింది" అన్నది.

అట్లాంటి మనిషి నలభై ఒకటో ఏట దయ్యాల కథలు చెప్పుకుని బతకాల్సి వచ్చింది. కరోనా ఏడాది బడి మూతబడింది. తిరిగి తెరిచినప్పుడు యాజమాన్యం సగంమంది పంతుళ్లను పిలవనేలేదు. టీచరు లేకపోయినా తెలుగు దానంతటదే వస్తుందనుకున్నారేమో, స్వర్ణకు కబురు రాలేదు. భర్త ప్రేమ్‌సాగర్ అప్పటికే జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో ఫిట్టరుగా ఉండి, వారానికోసారి ఇంటికి వచ్చిపోతున్నాడు. ఇక రామన్నపేటలో ఏం పని అని ఆమె కూడా సామాను సర్దుకుని జడ్చర్ల చేరింది. స్టేషను వైపు రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నారు. ప్రేమ్‌సాగర్ డ్యూటీకి పోతే ఇంట్లో ఆమె, గోడ మీది బల్లి తప్ప పలకరించే దిక్కు లేదు. బ్లాక్‌బోర్డు ముందు పదహారేళ్లు నిలబడ్డ కాళ్లకు కూర్చోవడం చేతకాలేదు.

ఆదివారం చర్చిలో వాక్యం చదవడానికి ఆమెను పిలిచేవాళ్లు. గొంతు కంచులా ఉంటుంది. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడివక్కడ పడతాయి. ఆ చదువు విని ఒకరోజు ప్రార్థన అయ్యాక విజేందర్ అనే కుర్రవాడు చెప్పులేసుకుంటున్న ఆమె దగ్గరికి వచ్చాడు. బస్టాండు ఎదురుగా మొబైల్ షాపు మీది గదిలో అతనికి ఒక యూట్యూబ్ చానల్ ఉంది. విదేశీ సినిమాలు చూసి, వాటి కథలు అరగంటలో తెలుగులో చెప్పే చానల్. ఇంతకుముందు కథ చెప్పినవాడు హైదరాబాదులో పని దొరికి వెళ్లిపోయాడట. మీ గొంతయితే జనం కదలరు మేడం అన్నాడు. ఏం సినిమాలని ఆమె అడిగింది.

"హారర్ మేడం. ఒక్కటే సినిమాల నాలుగైదు కథలుంటయి, ఒక్కో దేశంది ఒక్కోటి. ఇప్పుడు గవే మస్తు చూస్తున్నరు."

స్వర్ణ అతణ్ణి పైనుంచి కిందికి చూసింది. వ్యాకరణం రాని పిల్లాణ్ణి చూసినట్టు. కానీ సోమవారం పొద్దున్నే బల్లి ముఖం చూడాల్సి వచ్చేసరికి, మంగళవారం మెట్లెక్కి అతని గదికి వెళ్లింది.

మొదటి సినిమా పట్టపగలు, స్టవ్ మీద పప్పు ఉడుకుతుండగా చూసింది. నాలుగు దేశాలు, నాలుగు కథలు. జపాన్ కథలో కొత్తగా పెళ్లయిన జంట ఒక ఇంట్లోకి దిగుతారు. నల్లాలోంచి పొడుగాటి వెంట్రుకలు వస్తుంటాయి. మొగుడు ఆ వెంట్రుకలు పట్టుకుని లాగుతాడు. థాయిలాండ్ కథలో పురిట్లో పోయిన ఇల్లాలు పక్కింటి తలుపు కొడుతుంది, ఆ పక్కింటివాడు తీస్తాడు. మెక్సికో కథలో నది ఒడ్డున ఒకామె ఏడుస్తుంటే, ప్రయాణాలన్నీ మానుకుని ఒక టాక్సీవాడు ఎందుకు ఏడుస్తున్నావమ్మా అని అడుగుతాడు. నార్వే కథలో మంచు తప్ప మరేమీ లేదు. ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడరు, చివర్లో అందరూ చచ్చిపోతారు. అన్నీ ఒకే తానులో ముక్కలు. భాషలు మారాయి, బట్టలు మారాయి, తెలివితక్కువతనం మాత్రం సరిహద్దులు దాటి చెక్కుచెదరకుండా వచ్చింది. కుక్కర్ మూడో కూత వేసినప్పుడు ఆమె ఉలిక్కిపడింది గానీ, అది పప్పు మాడుతుందేమోనని.

కథ రాసి, విజేందర్ గదిలో మైకు ముందు కూర్చుని చదివింది. రాసింది రాసినట్టు చదవాలన్నది అతని నియమం. నల్లా దగ్గరికి వచ్చేసరికి ఆమెకు తెలియకుండానే లోపలి టీచరు నోరు చేసుకుంది.

"ఇగో, నల్లాల వెంట్రుకలు వస్తున్నయి. మనమైతే మున్సిపాలిటీకి ఫోను చేస్తం. ఈయన గుంజుతున్నడు. అవతల ఏదో ఉన్నదని వానికెరుకే, మనకెరుకే, సినిమా తీసినోనికీ ఎరుకే. అయినా గుంజుతడు. ఇంటర్ మూడుసార్లు తప్పినోడు గూడ గిట్ల చెయ్యడు."

విజేందర్ తల పట్టుకున్నాడు. భయపెట్టాల్సిన చోట ఎక్కిరిస్తే ఎట్లా మేడం అని గొణిగాడు. మళ్లీ చదివించడానికి ఆ రోజు వ్యవధి లేదు. అట్లాగే పెట్టేశాడు. తెల్లారి చూస్తే, అతని చానల్ పుట్టినప్పటి నుంచి ఏ వీడియోనూ చూడనంత మంది దాన్ని చూశారు. నార్వేవాళ్లను ఆమె తిట్టిన తిట్లను కత్తిరించి జనం ఒకరికొకరు పంపుకుంటున్నారు. ఆ రోజు నుంచి అతను మేడం అనడం మాని అక్కా అన్నాడు. "నువ్వు ఎంత తిట్టాల్నో అంత తిట్టక్కా" అని పూర్తి స్వేచ్ఛ ఇచ్చాడు.

అట్లా స్వర్ణ టీచరు ఈసడింపు జడ్చర్ల నుంచి దుబాయి దాకా పాకింది. ఆమెకు సంతోషం కలగాలి. కలగలేదు సరికదా, దయ్యాల మీదున్న చులకన ఇప్పుడు చూసేవాళ్ల మీదికి కూడా పొంగింది. కింద జనం రాసిన మాటలను పేపర్లు దిద్దినట్టు చదివేది. 'బయం' అని రాసినవాళ్లు వందలమంది. భయానికి ఒత్తు కూడా పెట్టలేనివాళ్లు భయపడి ఎవరికి లాభం? అన్నం తింటూ చూస్తామని కొందరు, బుజ్జిదాన్ని పడుకోబెట్టడానికి పెడతామని ఒక మహాతల్లి. ఇంకా కావాలి, ఫిలిప్పీన్స్‌ది కావాలి, టర్కీది కావాలి అని గొడవ. సొంత మండలంలో మంచినీళ్ల పైపు ఎందుకు పగిలిందో కనుక్కోని వాళ్లకు టర్కీలో దయ్యం ఎట్లా ఉంటుందో తెలియాలి.

"ఏం చూస్తరు విజేందర్ గీ కథలల్ల?" అని ఒకనాడు అడిగేసింది.

అతను, ఒక్కటే పెద్ద కథయితే నడిమిట్ల లేచిపోతారని, ఇవి పుట్నాలు బుక్కినట్టు ఒకటి తర్వాత ఒకటి పోతుంటాయని చెప్పాడు. "ఇంకోటేందంటే అక్కా, ఏ దేశపోళ్లు దేనికి భయపడతరో చూడాలనిపిస్తది. మనమే పిరికోళ్లం గాదని ధైర్నం వస్తది."

ఆ జవాబు కూడా ఆమెకు పనికిమాలినదిగానే తోచింది. ఎందుకంటే ముప్పై సినిమాలు చూశాక ఆమెకు ఒక సంగతి బాగా తెలిసిపోయింది. ఏ దేశపువాళ్లయినా ఒక్కదానికే భయపడుతున్నారు. బావిలో తోసేసిన కోడలు, కొలనులో ముంచిన పనిపిల్ల, గోడలో పెట్టి కట్టేసిన రెండో పెళ్లాం. బతికున్నన్నాళ్లు ఆమె ఒక్క మాట అన్నా వినేవాడు లేడు. చచ్చి, జుట్టు విరబోసుకుని వస్తే మాత్రం ఊరు ఊరంతా చెవులు రిక్కిస్తుంది. సినిమావాళ్లు దాన్ని న్యాయం అంటున్నారు. స్వర్ణకు అది సిగ్గులేనితనంగా కనబడింది.

ఇండోనేషియా కథ వచ్చిన రోజు ఆ చులకన కాస్తా కోపమైంది. అందులో ఒక ఊరు, ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె. పిల్లలకు జబ్బులు వస్తుంటాయి. ఊరివాళ్లు ఆమెను మంత్రగత్తె అంటారు. సగం కథ అయ్యేదాకా పాపం నిర్దోషి అనిపించి, చివర్లో నిజంగానే మంత్రగత్తె అని సినిమావాడు తేలుస్తాడు. ఊరివాళ్లు ఆమెను రాళ్లతో కొట్టి చంపడమే సరైన పని అన్నట్టు, సూర్యుడు ఉదయిస్తాడు, పిల్లలు లేచి ఆడుకుంటారు.

స్వర్ణ ఆ సినిమాను అక్కడికే ఆపేసింది. ఆమె అమ్మమ్మ నాగులమ్మది మక్తల్ వైపు ఒక పల్లె. స్వర్ణకు ఆరేళ్లున్నప్పుడు, నాగులమ్మ కూలికి పోయే ఆసామి ఇంట్లో ఎద్దు చచ్చిపోయింది, వెనకే పసిపిల్ల చచ్చిపోయింది. నాగులమ్మ బాణామతి, అంటే చేతబడి, చేసిందన్నారు. స్తంభానికి కట్టేసి, మంత్రం పలకకుండా ముందరి పండ్లు పటుకారుతో ఊడబెరికారు. ఊళ్లోవాళ్లంతా నిలబడి చూశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికింది నాగులమ్మ, రామన్నపేటలో కూతురింట్లో. త, ద, న ఆమె నోట సరిగా పలికేవి కావు. బడిలో వర్ణమాల చెబుతూ, నాలుక పండ్లకు తగిలితే పలికే అక్షరాలు ఇవి, వీటిని దంత్యాలంటారు అని చెప్పాల్సిన ప్రతి ఏడూ స్వర్ణ ఆ పాఠాన్ని త్వరగా ముగించేది.

మైకు ముందు ఆమె ఆ కథను సినిమావాడు చెప్పినట్టు చెప్పలేదు. "ఇక్కడిదాక వాడు చెప్పింది కథ, ఇక్కడినుంచి అబద్ధం" అని, పిల్లలకు జబ్బులు ఎందుకు వస్తాయో, ఒంటరి ముసలామె పేరే ఎందుకు ముందు నోటికొస్తుందో చెప్పింది. అమ్మమ్మ సంగతి చెప్పలేదు. ఆ చెవులకు అంత అర్హత లేదనుకుంది. విజేందర్ తల ఊపాడు, అర్థమైనట్టే. కానీ వారం తిరగకుండా అతనికి అందులోంచి ఇంకో ఆలోచన పుట్టింది.

మక్తల్ దాటాక ఒక ఊరి నుంచి ఎవరో వీడియో చూసి రాశారట, మా ఊళ్లో కూడా అట్లాంటి ముసలామె ఉందని. విజేందర్ కళ్లు మెరిశాయి. ప్రపంచ దేశాల దయ్యాలన్నీ చెప్పినం, మన పాలమూరుది ఒక్కటి లేకపోతే ఎట్లక్కా అన్నాడు. తీసి పెడితే జపాన్‌వాడు కూడా నోరెళ్లబెడతాడన్నాడు.

వద్దంటే అతను ఒక్కడే వెళ్తాడని స్వర్ణకు తెలుసు. వెళ్లి ఏం చేసుకొస్తాడో కూడా తెలుసు. "నేనొస్త. కెమెరా ముందట మాట్లాడేది నేను" అన్నది.

దోస్తు కారు అడిగి తెచ్చాడు విజేందర్. పొద్దున బయల్దేరితే పదకొండు గంటలకు ఆ ఊరు చేరారు. ఇటు పత్తి, అటు కంది, మధ్యలో ఏనుగుల్లా కూర్చున్న రాతి గుండ్లు. వీడియో చూసి రాసినవాడు వీళ్లను నేరుగా గురవయ్య అనే రైతు ఇంటికి తీసుకుపోయాడు. అరవై ఏళ్ల మనిషి, తెల్ల ధోవతి, మంచి మాటకారి. ఫోను కెమెరా చూడగానే తువ్వాలు సర్దుకున్నాడు. మనవరాలు అక్షితకు మూర్ఛలు వస్తున్నాయని, ఇంటర్ చదివే పిల్ల కాలేజీ మానేసి మంచం పట్టిందని, ఊరి చివర గోవిందమ్మ అనే ముసలామె చేతబడి చేసిందని చెప్పాడు. ఆమెకు మొగుడు లేడు, పిల్లలు లేరు, పిల్ల ఆమె గుడిసె ముందు నుంచే బస్సుకు పోయేది, ఇంకేం రుజువు కావాలి అన్నట్టు చెప్పాడు.

స్వర్ణ అక్షిత మంచం పక్కన కూర్చుంది. పిల్ల చెంప మీద పడ్డప్పుడు గీసుకున్న మచ్చ ఉంది. బడిలో పదహారేళ్లలో మూర్ఛ వచ్చే పిల్లలను ఆమె ముగ్గురిని చూసింది. దవాఖానకు తీసుకుపోలేదా అని అడిగితే, మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానలో గోళీలు ఇచ్చారని, ఏడాదిపాటు బాగానే ఉందని పిల్ల తల్లి మెల్లగా చెప్పింది. మరి ఎందుకు ఆపారు? తాయెత్తు కట్టినాయన, గోళీలు వేసుకుంటే కట్టు పనిచెయ్యదన్నాడు. రెండు నెలల కిందట ఆపారు. రెండు నెలల నుంచే మూర్ఛలు మళ్లీ మొదలయ్యాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే తీరిక ఆ ఇంట్లో ఒక్కరికీ దొరకలేదు. నార్వేవాళ్లే నయమనిపించింది స్వర్ణకు. వాళ్లు కనీసం మాట్లాడకుండా చచ్చారు.

ఆమె గోళీల మాట అనేలోపే జనం కదిలారు. కెమెరావాళ్లు వచ్చారని ఊళ్లో తెలిసిపోయింది. ముప్పై నలభైమంది గురవయ్య వెంట గోవిందమ్మ గుడిసె వైపు నడిచారు. రోడ్డు పక్క జాగాలో రేకుల గుడిసె. గడప ముందు ఎవరో బూడిదతో గీత గీశారు. తలుపు లోపల నుంచి గడియ పెట్టి ఉంది. విజేందర్ ఫోను ఎత్తి, గుడిసెను, బూడిదను, జనాన్ని తీస్తున్నాడు. ఇయ్యాల అడుగుదాం, కెమెరా ముందట అడుగుదాం అని గురవయ్య అంటున్నాడు. వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"అడిగేదేంది, పండ్లు ఊడబెరికితే మంత్రమెట్ల పలుకుతదో చూద్దాం."

కొందరు నవ్వారు.

స్వర్ణ విజేందర్ చేతిలోంచి ఫోను తీసుకుంది. తీసుకున్నది ఆమెకే తర్వాత గుర్తులేదు. గుడిసె తలుపుకు వీపు ఆనించి నిలబడి, ఫోనును గుడిసె వైపు నుంచి జనం వైపు తిప్పింది.

"ఇప్పుడు పండ్ల మాట అన్నది ఎవరు? ముందటికి రావాలె. పేరు, నాయిన పేరు, ఊరి పేరు చెప్పి, ఆ మాట మళ్లొకసారి అనాలె."

ఎవరూ కదల్లేదు. గొంతు హెచ్చించలేదు ఆమె. తరగతిలో హాజరు పిలిచే గొంతు అది. ఈ వీడియో లక్షమంది చూస్తారని, పోలీస్‌స్టేషన్లో కూడా చూస్తారని, ముసలామె మీద చెయ్యి పడితే మొదట ఈ ఫోనులో ఉన్న మొఖాలనే పిలుస్తారని చెప్పింది. చెప్పి, వరసగా ఒక్కొక్కరి ముందు ఫోను పెట్టింది. "చెప్పుర్రి. గోవిందమ్మ చేతబడి చేసిందని మీకెరుకేనా? ఎరుకుంటే పేరు చెప్పి అనుండ్రి."

మొదటివాడికి పత్తి చేనుకు మందు కొట్టే పని గుర్తొచ్చింది. రెండోవాడు, నేను ఈ ఊరోణ్ణి గాదు, చుట్టపు చూపుగా వచ్చిన అన్నాడు. ఆడవాళ్లు కొంగులు మొఖానికి అడ్డం పెట్టుకున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పండ్ల మాట అన్నవాడు ఎవరూ చూడకుండానే వెనక్కి వెనక్కి జరిగి కందిచేలోకి దిగాడు. దయ్యానికి, చేతబడికి, అమావాస్యకు భయపడే ఆ జనం ఫోనులో తమ పేరుకు భయపడినంతగా దేనికీ భయపడలేదు. స్వర్ణకు వాళ్ల మీద ఏవగింపు కలిగింది. అమ్మమ్మను కట్టేసిన నాడు కూడా ఒక్కరు, ఒకే ఒక్కరు, పేర్లు చెప్పుర్రి అని అడిగి ఉంటే సరిపోయేది కదా అనిపించింది. అంత తక్కువ సరుకు వీళ్ల ధైర్యం.

చివరికి గురవయ్య మిగిలాడు.

"నేనేమన్ననమ్మా? ఊరంత అంటున్నది" అన్నాడు.

"ఊరు పేరు చెప్పుకోదు. నీ పేరు చెప్పు."

ఆయన ఫోను వంక చూశాడు. గురవయ్య అన్నాడు. ఆగాడు. తువ్వాలుతో మొఖం తుడుచుకున్నాడు. తర్వాత, అంతకుముందు గంటసేపు గడగడా మాట్లాడిన మనిషి, చిన్న గొంతుతో, "మా పిల్లకు పాణం బాగలేదు. గంతే" అన్నాడు. ఆ ఒక్క మాటా నిజం కాబట్టి స్వర్ణ ఫోను దించింది.

జనం చెదిరాక తలుపు తట్టింది. చాలాసేపటికి తెరుచుకుంది. గోవిందమ్మ ఆమె ఊహించినంత దిక్కులేని ముసలిదేమీ కాదు. బక్కపలచని మనిషి, నడుం వంగలేదు, చేతిలో కొడవలి ఉంది. స్వర్ణ తాను ఎవరో చెప్పి, ఇక భయం లేదవ్వా, వాళ్లు పోయారు అన్నది. ముసలామె కృతజ్ఞతలేమీ చెప్పలేదు. కొడవలి చూరులో దోపి, ఆమెను, వెనక నిలబడ్డ విజేందర్‌ను చూసింది. గుడిసెను ఫోటో తీసిందెందుకని అడిగింది. విజేందర్ తల దించుకున్నాడు.

"మీరు కారెక్కి పోతరు బిడ్డ. రేపు ఈళ్ల నడుమ బతికేది నేను. నువ్వు ఈళ్ల ఇజ్జత్ తీస్తివి, గా కోపం ఎవరి మీద తీస్తరు?"

అందరి బుద్ధిలేనితనాన్నీ దిద్దుతూ వచ్చి, స్వర్ణ తానే అంత చిన్న సంగతి చూడలేకపోయింది. నేనేం చెయ్యాలె మరి అని అడిగింది.

"నెలకొక్కపారి రా. ఏం తేకు, ఏం మాట్లాడకు. వచ్చి ఇక్కడ కూసోని పో. ఈ ముసల్దానికి ఎవలో ఉన్నరని ఈళ్లకు ఎరుకుండాలె."

తిరుగు దారిలో విజేందర్ గుడిసెను తీసిన ముక్కను ఆమె ఎదుటే చెరిపేశాడు. జనం పేర్లు చెప్పకుండా పారిపోయిన ముక్కను మాత్రం, మొఖాలు మసక చేసి, చానల్లో పెట్టాడు. చెప్పుకోదగ్గంతమంది చూడలేదు. దయ్యం ఏది, మోసం, టైము వేస్టు అని రాశారు. ఫిలిప్పీన్స్ ఎప్పుడు అని అడిగారు. పాలమూరు దయ్యం సంగతి అతను మళ్లీ ఎత్తలేదు. మంచివాడే, బుద్ధి ఆలస్యంగా వస్తుంది, అంతే అనుకుంది స్వర్ణ. అతని గురించి ఆమె అంత మెత్తగా అనుకోవడం అదే మొదలు.

ఆ ఊరి ఆశా కార్యకర్తను పట్టుకుని, అక్షిత తల్లితో రెండుసార్లు మాట్లాడించి, గోళీలు మళ్లీ మొదలుపెట్టించింది. దసరా నాటికి మూర్ఛలు ఆగాయి, పిల్ల కాలేజీకి పోవడం మొదలుపెట్టింది. గురవయ్య ఊళ్లో మాత్రం, తాయెత్తు మార్చినం, గందుకే తగ్గింది అని చెప్పుకున్నాడు. స్వర్ణ ఆ మాట విని, ఈయనకు పాసు మార్కులు కూడా వేయలేను అనుకుంది. గోవిందమ్మ పేరు మాత్రం మళ్లీ ఎవరూ బయటికి అనలేదు. మనసులో అనుకోవడం మానారని స్వర్ణ నమ్మలేదు.

ప్రతి నెలా రెండో శనివారం జడ్చర్లలో బస్సెక్కి మక్తల్‌లో దిగి, అక్కణ్నుంచి ఆటోలో ఆ ఊరికి పోయేది. ఊరందరూ చూసేటట్టు గుడిసె ముందు కూర్చునేది. మొదట్లో గోవిందమ్మ మాట్లాడేదే కాదు, తన పని తాను చేసుకునేది. నాలుగో నెల జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. ఆరో నెల, నీ పనేంది అసలు అని అడిగింది.

దయ్యాల కథలు చెప్పడం అని చెప్పడానికి స్వర్ణకు నోరు రాలేదు. అందులోనూ ఆమెకు. కానీ అబద్ధం చెప్పినా దొరికిపోతుందనిపించి, ఫోను తీసి చూపించింది. సోమవారానికి చూసి రాయాల్సిన సినిమా ఒకటి అందులో ఉంది. మూడు దేశాల మూడు కథలు, మొదటిది కొరియాది. జమీందారు ఇంట్లో పనిపిల్ల మీద దొంగతనం మోపి, కొట్టి, బావిలో వేస్తారు. ఆ పిల్ల తిరిగొస్తుంది. పరమ పాత కథ. స్వర్ణ రెండు నిమిషాలు చూపించి ఆపబోయింది. గోవిందమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

ముసలామె ఆ కథ చూసిన తీరు స్వర్ణ ఎన్నడూ చూడలేదు. భయపడలేదు, కళ్లు మూసుకోలేదు. మొఖం ఫోనుకు ఆనించి, భాష తెలియకపోయినా, ఒక్కో మనిషినీ గుర్తుపెట్టుకుంది. పిల్లను కట్టేసింది ఎవరు, తాడు తెచ్చిచ్చింది ఎవరు, పక్కన నిలబడి చూసింది ఎవరు. ఆ జుట్టు విరబోసుకున్న పిల్ల ఒక్కొక్కరి దగ్గరికే వస్తుంటే, వాళ్లు తలుపులు వేసుకుంటుంటే, గోవిందమ్మ పెదవులు లోపలికి పోయి బిగుసుకున్నాయి.

"ఎంతమందిని పట్టింది?" అని అడిగింది అయిపోయాక.

"ఆరుగుర్ని అవ్వా."

"ఇంకొకడుండె గదా, లాంతరు పట్టుకోని నిలబడ్డోడు. ఏమనకుండ ఊకె చూసినోడు."

స్వర్ణకు ఆ లాంతరువాడు గుర్తే లేడు. వెనక్కి జరిపి చూస్తే ఉన్నాడు, బావిలో తోసే చోట, ఒక మూల. చివర్లో అతని గదిలో కూడా దీపం ఆరిపోతుంది. యాభైకి పైగా సినిమాలకు తిట్లు రాసిన తన కళ్లకు అది ఆనలేదు. "వాణ్ణి గూడ పట్టింది అవ్వా" అన్నది.

"మంచిగయింది" అని గోవిందమ్మ నిదానంగా ఊపిరి వదిలింది. కాసేపటికి, ఆ పిల్ల చచ్చేదాకా ఎందుకు ఆగింది, కొడవలి లేదా వాళ్లింట్ల అని కూడా అడిగింది.

స్వర్ణ నవ్వలేదు. ఈ కథలు చూసేవాళ్లందరినీ ఆమె ఇన్నాళ్లూ ఒకే గాటన కట్టింది. అన్నం తింటూ చూసేవాళ్లు, ఒత్తు రానివాళ్లు, పనిలేనివాళ్లు అని. ఆ వేలమందిలో ఎంతమంది ఇట్లా, తలుపుకు లోపల గడియ పెట్టుకుని, లాంతరువాణ్ణి కూడా లెక్కపెట్టుకుంటూ చూస్తున్నారో ఆమెకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఆమెకు అలవాటు లేని పని. కొరియావాడి మీద గౌరవం మాత్రం పెరగలేదు. ఆ బావి అట్టముక్కతో చేసినట్టే ఉంది.

"ఇంకోటి ఏ దేశపుది?" అని గోవిందమ్మ అడిగింది.

"మెక్సికోది. శానా దూరం అవ్వా, సముద్రాలు దాటి పోవాలె."

"ఆడ గూడ ఉన్నరా గిట్లాంటోళ్లు?"

"ఉన్నరు."

గోవిందమ్మ చాప దగ్గరికి జరుపుకుని, పెట్టు అన్నది. స్వర్ణ తిరిగిపోవాల్సిన మూడింటి ఆటో రోడ్డు మీద ఆగి, హారను కొట్టి వెళ్లిపోయింది. మెక్సికో కథ మరీ అన్యాయంగా ఉంది. సమాధి రాయి మీద కూర్చుని ఒక తాగుబోతు ఉత్తరం చదువుతున్నాడు, అదీ తనది కాని ఉత్తరం. ఎవరిదో ఉత్తరం నీకెందుకురా, బుద్ధున్నదా అని స్వర్ణ అలవాటు కొద్దీ మొదలుపెట్టింది.

"నువ్వు జెర ఊకో బిడ్డ" అన్నది గోవిందమ్మ, కళ్లు ఫోను మీద నుంచి తిప్పకుండా. "నన్ను సూడనియ్యి."